ఇసుకలో చెలమ: తీరం వెంట నడిచే మన పిల్లలకు ఒక పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని అడిగినప్పుడు కథ రాద్దామా, కవిత రాద్దామా అని మేము చాలా రోజులు ఆలోచించాము. చివరకు మా మిత్రుడొకడి ప్రాణం మీదకు వచ్చిన సంగతి రాద్దామనుకున్నాము. పరీక్షలు అయిపోగానే సంచీ భుజాన వేసుకుని మంగినపూడికో, హంసలదీవికో నడిచి వెళ్ళడం మన హాస్టల్ పిల్లలకు సరదా. సంచీలో దుప్పటి, అటుకులు, సెల్‌ఫోన్ ఛార్జరు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటాము. నీళ్ళ గురించి మాత్రం "దారిలో ఎక్కడో దొరుకుతాయిలే" అనుకుంటాము. ఈ వ్యాసం ఆ "ఎక్కడో" గురించి. డెల్టాలో పుట్టి పెరిగిన వాళ్ళమే అయినా మాకు ఈ పాఠం ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

మేము నడిచిన దారి

మేము అయిదుగురం. ఇద్దరిది బందరు, ఇద్దరిది గుడివాడ వైపు, ఒకడిది దివిసీమ. మాఘ పౌర్ణమికి సాగరసంగమం దగ్గర స్నానాలు చేసిన జనం వెళ్ళిపోయిన వారానికి బయలుదేరాము. అవనిగడ్డ దాకా బస్సు. అక్కడి నుంచి కోడూరు మీదుగా హంసలదీవి దాకా నడక. రాత్రి ఊళ్ళో పడుకుని, మర్నాడు వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, పాలకాయతిప్ప వైపు సముద్రం దగ్గరకు వెళ్ళాము. తలకు రెండు లీటరు సీసాలు ఉన్నాయి. ఎండలో సంచీ మోస్తూ నడిచే మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు కావాలి. ఆ లెక్క మాకు తెలియదు. మధ్యాహ్నానికి సీసాలన్నీ ఖాళీ అయ్యాయి.

తిరిగి వచ్చేటప్పుడు కరకట్ట పక్కన ఒక గుంట కనిపించింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అవతల రొయ్యల చెరువులు. గుడివాడ మిత్రుడు "మా ఊరి కాలువ నీళ్ళు ఇంతకంటే బురదగా ఉంటాయి, అవి తాగే పెరిగాము" అంటూ సీసా ముంచి సగం దాకా తాగేశాడు. మిగతా వాళ్ళము కూడా తాగేవాళ్ళమే. కొంచెం ఉప్పగా ఉన్నాయని వాడు చెప్పబట్టి ఆగాము.

సాయంత్రానికి మత్స్యకారుల పల్లె ఒకటి వచ్చింది. ఇళ్ళ వెనుక ఇసుక దిబ్బ దగ్గర ఒక మామ్మ కూర్చుని, మోకాలి లోతు కూడా లేని గుంటలోంచి కొబ్బరి చిప్పతో బిందెలోకి నీళ్ళు తోడుతున్నది.

"ఏ ఊరు బాబూ మీది?"

"బందరు, గుడివాడ మామ్మా. తాగడానికి కాసిని నీళ్ళు కావాలి."

"పంపు రేత్రికి గానీ రాదు. చెలమ తోడుకోండి" అంటూ చిప్ప మా చేతికిచ్చింది.

మావాడొకడు దాహం ఆపుకోలేక రెండు చేతులతో అడుగున ఇసుక గోకబోయాడు. మామ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"లోతుకు పోకండిరా నాన్నా. అడుగున ఉప్పుంటది. పైపైన తోడుకోండి. ఊరనివ్వండి."

ఆ మాటల వెనుక పెద్ద శాస్త్రం ఉందని మాకు హాస్టల్‌కు తిరిగి వచ్చి పుస్తకాలు చూశాక గానీ తెలియలేదు. ముందు ఆ శాస్త్రం చెప్పి, తర్వాత పద్ధతి చెబుతాము.

ఉప్పు మీద తేలే మంచినీరు

సముద్రానికి పక్కనే ఉన్న ఇసుకలో తియ్యటి నీళ్ళు ఎలా ఉంటాయి? అవి వాన నీళ్ళు. మన తీరంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. నల్లరేగడి మీద పడ్డ వాన చాలావరకు కాలువల్లోకి జారిపోతుంది. ఇసుక దిబ్బ మీద పడ్డ వాన అక్కడే ఇంకుతుంది. కింద ఇసుకలో అప్పటికే సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందువలన వాన నీరు ఉప్పునీటి మీద, పాల మీద మీగడలా, పలుచని పొరగా నిలుస్తుంది.

ఈ పొర ఎంత మందం ఉంటుందో లెక్క కట్టవచ్చు. డచ్చి దేశస్థుడు బాడన్ గైబెన్ 1888-89 ప్రాంతంలో, జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బర్గ్ 1901లో ఈ లెక్కను విడివిడిగా కనుగొన్నారు. ఫిజిక్స్ చదివే తమ్ముళ్ళు గమనించండి. మంచినీటి సాంద్రత 1.000, సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. రెండింటి తేడా 0.025. ఒకటిని 0.025తో భాగిస్తే 40 వస్తుంది. అంటే ఇసుకలో మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే ఒక్క అడుగు పైకి ఉంటే, సముద్ర మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుందన్నమాట. పది సెంటీమీటర్లు పైకి ఉంటే కింద నాలుగు మీటర్లు.

ఈ లెక్కను తిప్పి చూడండి. మనం ఆత్రంగా తోడి పైన మట్టం అయిదు సెంటీమీటర్లు తగ్గించి అలాగే ఉంచితే, కింద ఉప్పునీరు రెండు మీటర్లు పైకి రావడానికి చూస్తుంది. తోడిన చోట ఉప్పు కుంభాకారంగా పైకి ఉబ్బుతుంది. లోతుకు తవ్వితే మనమే ఎదురు వెళ్ళి ఆ ఉప్పును ముట్టుకున్నట్లు. మామ్మ మావాడి చెయ్యి ఎందుకు పట్టుకుందో ఇప్పుడు అర్థమైంది కదా! మంచినీటి బావి ఎండిపోతే ఇంకా లోతుకు తవ్వుతారు. తీరంలో ఆ తెలివి పనికిరాదు.

లక్షద్వీప్, మాల్దీవుల వంటి చిన్న దీవులలో జనం తరతరాలుగా ఈ పలుచని పొర మీదే బతికారు. మన బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో రైతులు "దొరువులు" తవ్వి, కుండలతో మొక్కలకు నీళ్ళు పోసేవారు. దొరువు అన్నా పెద్ద చెలమే. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఈ దొరువునే మెరుగుపరిచి, ఇసుకలో తక్కువ లోతున అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పై పొర నీటిని మాత్రమే నెమ్మదిగా లాగే పద్ధతి చేశారు. మామ్మ కొబ్బరి చిప్పతో చేసిన పనినే వాళ్ళు గొట్టాలతో చేశారు.

తొందరపడితే ఏమవుతుందో 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో కనిపించింది. ఉప్పు నిండిన బావులను శుభ్రం చేద్దామని మోటార్లు పెట్టి తోడారు. ఎక్కువగా తోడిన చోట కింది ఉప్పు ఇంకా పైకి వచ్చింది. వానలు పడి ఉప్పు కడుక్కుపోయే దాకా ఓపిక పట్టమని తర్వాత నిపుణులు చెప్పవలసి వచ్చింది.

చోటు ఎంచుకోవడం

చెలమ ఎక్కడపడితే అక్కడ తవ్వరాదు. మేము చూసినవి, మా దివిసీమ మిత్రుడి ఇంట్లో పెద్దలు చెప్పినవి కలిపి రాస్తున్నాము.

మొదటిది, అలలు వచ్చే తడి ఇసుకలో తవ్వితే సముద్రమే ఊరుతుంది. మొదటి ఇసుక దిబ్బ దాటి, దాని వెనుక పల్లంలో చూడాలి. దిబ్బ మీద పడిన వాన అటే దిగుతుంది. దిబ్బ ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉంటే దాని కింద మంచినీరు అంత ఎక్కువ.

రెండవది, పచ్చదనం చూడాలి. సరుగుడు తోట అంచున, తాటిచెట్ల దగ్గర, పచ్చగడ్డి ఉన్న పల్లంలో నీరు పైకి ఉంటుంది. మడ చెట్లు ఉంటే మాత్రం అది ఉప్పునేల. తెల్లగా ఉప్పు పేరుకున్న చవుడు నేల అయితే తవ్వి లాభం లేదు.

మూడవది, పక్కన ఏముందో చూడాలి. మరుగుదొడ్డి, పశువుల పాక, శ్మశానం, పెంటకుప్ప, రొయ్యల చెరువు, మురుగు కాలువ ఉంటే ఆ చోటు వదిలెయ్యాలి. మరుగుదొడ్డికి కనీసం 30 మీటర్లు, అంటే వంద అడుగులు దూరం ఉండాలి. ఇసుకలో నీరు ఎంత సులువుగా ఊరుతుందో మురికి కూడా అంత సులువుగానే వస్తుంది.

నాలుగవది, పల్లె వాళ్ళు వాడే చెలమ దగ్గరలో ఉంటే వాళ్ళను అడగకుండా కొత్తది తవ్వవద్దు. ఒక చెలమలో తోడితే పక్క చెలమ మట్టం కూడా తగ్గుతుంది. పైగా ఏ దిబ్బ కింద తియ్యటి నీరుందో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

అయిదవది, దివిసీమ చివరనున్న మడ అడవి కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోనిది. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకూడదు. అక్కడ నీళ్ళు దొరకవు కూడా. ఏటిమొగ నుంచి పంటు ఎక్కి ఎదురుమొండి వైపు వెళ్ళేవారు ఇవతలి గట్టునే సీసాలు నింపుకోవాలి.

చెలమ తవ్వే పద్ధతి

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చెలమ నీళ్ళలో చెయ్యి పెట్టేది మనమే కనుక మన చేతి మురికే ముందు అందులో పడుతుంది.

మూరెడు వెడల్పున పై ఎండు ఇసుక తీసేయాలి. తడి ఇసుక తగిలాక నెమ్మదిగా తవ్వాలి. నీరు ఊరడం మొదలుకాగానే మరొక జానెడు తవ్వి ఆపెయ్యాలి. ఇంకా నీళ్ళు కావాలంటే గుంటను వెడల్పు చెయ్యాలి తప్ప లోతు చెయ్యకూడదు. పక్కల నుంచి ఇసుక జారుతుంటే తాటాకులు అడ్డం పెట్టవచ్చు. రోజూ వాడుకునే చెలమ అయితే అడుగు తీసేసిన పాత కుండను అందులో దించితే గోడలు నిలుస్తాయి.

మొదట ఊరిన నీళ్ళు తాగవద్దు. రెండు మూడు సార్లు చిప్పతో తోడి దూరంగా పారబొయ్యాలి. దగ్గరలో పోస్తే అవే మళ్ళీ లోపలికి వస్తాయి. తర్వాత ఒక పావుగంట వదిలేస్తే ఇసుక పేరి నీరు తేటబడుతుంది. అప్పుడు చిప్ప అంచును నీటి పైభాగానికి ఆనించి, కదలకుండా తోడుకోవాలి. సీసాను నిలువునా ముంచితే అడుగు నీరు, ఇసుక కలిసి వస్తాయి. మట్టం తగ్గితే ఆగాలి. ఊరాక మళ్ళీ తోడాలి. మా అయిదుగురి సీసాలు నిండడానికి గంటకు పైగా పట్టింది. ఆ గంట కూర్చోవడమే ఈ విద్యలో కష్టమైన భాగం.

ఉప్పు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేయాలి. లీటరుకు క్లోరైడు 250 మిల్లీగ్రాములు దాటితే నాలుకకు తెలుస్తుంది. సబ్బు నురగ రాకపోయినా, కందిపప్పు ఎంతకీ ఉడకకపోయినా ఆ నీళ్ళలో లవణాలు ఎక్కువ అని మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలుసు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. సముద్రపు నీటిలో సుమారు 35,000 ఉంటాయి. మన మూత్రపిండాలు అంత ఉప్పును బయటకు పంపాలంటే తాగిన దానికంటే ఎక్కువ నీరు ఖర్చు చెయ్యాలి. అందుకే సముద్రపు నీరు తాగినవాడికి దాహం తీరదు సరికదా ప్రాణానికే ముప్పు.

పని అయ్యాక చెలమ మీద తాటాకు కప్పి రావాలి. కుక్కలు, పశువులు దిగకుండా ఉంటుంది. దారిలో ఒంటరిగా తవ్వినదైతే ఎవరూ కాలు పెట్టి పడకుండా పూడ్చెయ్యాలి.

తేట వేరు, శుభ్రం వేరు

ఈ మాట మేము ఒక మిత్రుడి ఒంటి మీద నేర్చుకున్నాము. గుంట నీళ్ళు అద్దంలా ఉన్నాయని తాగినవాడికి ఆ రాత్రే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కంటికి కనిపించే బురద కంటే కనిపించని క్రిమి ప్రమాదం. 1884లో రాబర్ట్ కాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త కలకత్తాలో కలరా వచ్చిన ఇళ్ళ వాళ్ళు వాడే చెరువు నీటిలోనే ఆ క్రిమిని చూపించాడు. కనుక చెలమ నీరైనా సరే, ఈ మూడు పనులు వరుసగా చెయ్యాలి.

మొదటి పని, తేర్చడం. ఇసుక చెలమ నీరు ఊరికే తేరుకుంటుంది. కాలువ నీరైతే పటిక ముక్కను రెండు మూడు చుట్లు తిప్పి వదిలెయ్యాలి. పటిక రాక ముందు మన పెద్దలు చిల్లగింజను (ఇండుప గింజను) కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్ళు పోసేవారు. మునగ గింజల పొడికి కూడా ఈ గుణం ఉంది.

రెండవ పని, వడకట్టడం. అమ్మ పాత నేత చీర ముక్క ఒకటి సంచీలో పెట్టుకోండి. బంగ్లాదేశ్‌లో రీటా కాల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం 65 పల్లెల్లో ప్రయోగం చేసి 2003లో ఫలితాలు ప్రకటించింది. పాత చీరను నాలుగు మడతలు, అంటే ఎనిమిది పొరలు వేసి చెరువు, ఏటి నీళ్ళు వడకట్టుకున్న ఇళ్ళలో కలరా 48 శాతం తగ్గింది. కలరా క్రిమి నీటిలోని సన్నని పురుగులను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పురుగులు చీర పొరల్లో చిక్కుకుంటాయి. కొత్త చీర కంటే ఉతికి ఉతికి పోగులు ఉబ్బిన పాత చీరే మేలు. వాడాక బాగా ఉతికి ఎండలో ఆరేయాలి. 48 శాతం తగ్గిందంటే మిగతా సగం మిగిలిందనే కదా అర్థం! అందుకే మూడవ పని.

మూడవ పని, క్రిములను చంపడం. మూడు రాళ్ళు పెట్టి, ఎండు పుల్లలతో నీళ్ళు కాచాలి. తెర్లిన తర్వాత కనీసం ఒక నిమిషం తెర్లనివ్వాలి. సరుగుడు తోటలో మాత్రం మంట పెట్టవద్దు, ఆ రాలిన ఆకుకు నిప్పు అంటుకుంటే ఆపలేరు. మంటకు వీలు లేకపోతే క్లోరిన్ బిళ్ళలు వాడవచ్చు. పొట్టం మీద రాసిన కొలత ప్రకారం వేసి, అరగంట ఆగి తాగాలి. బురద నీళ్ళలో క్లోరిన్ పని చెయ్యదు కనుక ముందు తేర్చాలి. అదీ లేకపోతే తేట నీళ్ళను రంగు లేని ప్లాస్టిక్ సీసాలో పోసి, మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టాలి. మబ్బు పట్టిన రోజైతే రెండు రోజులు ఉంచాలి.

ఒక విషయం మరిచిపోవద్దు. కాచినా, వడకట్టినా, క్లోరిన్ వేసినా ఉప్పు పోదు. కాచితే నీరు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. పురుగుమందులు కూడా పోవు. కనుక ఉప్పగా ఉన్న నీటిని, పొలం మురుగు నీటిని ఏం చేసినా తాగే నీరుగా మార్చలేము.

కాలువా, మురుగు కాలువా?

గుడివాడ, పామర్రు వైపు నడిచే తమ్ముళ్ళకు ఈ మాట. అక్కడ ఇసుక లేదు, నల్లమట్టి. చాలా చోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక, 1957లో ప్రకాశం బ్యారేజి దాని స్థానంలోకి వచ్చాక, మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులన్నీ కాలువ మీదే ఆధారపడ్డాయి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకుంటారు.

దారిన పోయేవాడికి అన్నీ కాలువల్లాగే కనిపిస్తాయి. కానీ డెల్టాలో రెండు రకాలు ఉన్నాయి. పొలానికి నీరు తెచ్చే కాలువ మెరక మీద నడుస్తుంది, గట్లు ఎత్తుగా ఉంటాయి. పొలం నుంచి నీరు తీసుకుపోయే మురుగు కాలువ (డ్రైను) పల్లంలో నడుస్తుంది. ఎరువులు, పురుగుమందులు, చేపల, రొయ్యల చెరువుల నీళ్ళు అన్నీ అందులోకే వస్తాయి. మా మిత్రుడు తాగిన గుంట అటువంటి డ్రైను ఊటే. కాలువ నీరైతే పైన చెప్పిన మూడు పనులు చేసి తాగవచ్చు. డ్రైను నీరు దేనికీ పనికిరాదు. తెలియకపోతే గట్టు మీద పనిచేసే వాళ్ళను "ఇది కాలువా, మురుగా అండీ?" అని అడగండి. అడగడానికి సిగ్గుపడి మేము అయిదు వందల రూపాయల ఆటో కట్టుకున్నాము.

నది పాయల్లో ఇసుక తిప్పల మీద చెలమ తీసే అలవాటు కూడా ఉంది. ఎగువన అది మంచి నీరే. సముద్రం దగ్గరపడ్డ కొద్దీ, ముఖ్యంగా వేసవిలో పైనుంచి నీరు రానప్పుడు, పోటు నీరు పాయలోకి ఎగదన్నుతుంది. అక్కడ నాలుకతో చూసి గానీ నమ్మవద్దు.

విరేచనాలు పట్టుకుంటే

ఆ రాత్రి మా దగ్గర మందు ఏమీ లేదు. మామ్మ కోడలు పంచదార, ఉప్పు ఇచ్చింది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలపాలి. చెంచా అంటే టీ చెంచా. విరేచనం అయినప్పుడల్లా గ్లాసెడు, వాంతి అవుతుంటే పది నిమిషాలు ఆగి గుక్కెడు గుక్కెడుగా తాగించాలి. ఉప్పు ఎక్కువైతే కీడు కనుక కొలత తప్పవద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు సంచీలో ఉంటే ఈ కొలతల గొడవే ఉండదు.

మూత్రం ఆగిపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మనిషి మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇక ఆలస్యం చెయ్యకూడదు. మావాడికి తెల్లవారుజామున పిక్కలు పట్టేశాయి, మాట తడబడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము. సెలైన్ ఎక్కించాక సాయంత్రానికి తేరుకున్నాడు. "మధ్యలో ఆ ఉప్పు పంచదార నీళ్ళు పట్టకపోతే కష్టమయ్యేది" అని అక్కడి నర్సమ్మగారు అన్నారు. వాళ్ళ అమ్మగారికి మేము ఫోన్లో ఏం చెప్పామో, ఎలా చెప్పామో ఇక్కడ రాయలేము.

చెలమ మనకు ఎందుకు తెలుసు?

తిరిగి వచ్చాక మా ఇళ్ళలో ఈ సంగతి చెప్పాము. అప్పుడు మాకు తెలియని మరొక పాఠం బయటపడింది. మా నాయనమ్మలకు చెలమ తీయడం బాగా తెలుసు. ఎందుకు తెలుసంటే, ఊరి మంచినీళ్ళ చెరువులో వాళ్ళు బిందె ముంచడానికి లేదు. గట్టు మీద నిలబడితే ఎవరో దయతలచి పైనుంచి పోసేదాకా ఎదురుచూడాలి. ఎవరూ పోయని రోజు కాలువ పక్కనో, ఇసుకలోనో చెలమ తీసుకునేవారు. "చెలమ దగ్గర మాత్రం ఎవడూ పొమ్మనేవాడు కాదయ్యా" అని మాలో ఒకరి నాయనమ్మ అన్నది.

1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ మహద్ పట్టణంలో చౌదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగారు. ఆ ఒక్క దోసిలి కోసం వేలమంది ఆయన వెంట నడిచారు. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు పౌరులందరివీ అని రాసింది. అయినా 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. వాళ్ళు అడిగింది తాగే నీళ్ళు మురికి చెయ్యవద్దని.

దివిసీమ వాళ్ళకు మరొక జ్ఞాపకం ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో సుమారు పది వేల మంది పోయారు. మిగిలిన వాళ్ళకు మర్నాడు చుట్టూ నీళ్ళే. మంచినీళ్ళ చెరువుల్లో సముద్రపు నీరు, పశువుల కళేబరాలు. అటువంటి రోజున ఉప్పుకూ మంచినీటికీ తేడా తెలిసిన మనిషి తానూ బతుకుతాడు, పదిమందినీ బతికిస్తాడు. తుఫానులు మన తీరాన్ని వదిలిపెట్టలేదు కనుక ఈ విద్య నడకల సరదాకు మాత్రమే కాదు.

అయితే చెలమ గొప్పదని చెప్పి ఊరుకుంటే మేము అబద్ధం చెప్పినట్లే. ఆ మామ్మకు ఆ వయసులో కొబ్బరి చిప్పతో బిందె నింపుకోవలసిన అవసరం ఉండకూడదు. ప్రతి ఇంటికీ శుభ్రమైన పంపు నీరు రావాలి, అది అడిగి తెచ్చుకోవలసిన హక్కు. పంపు లేని రోజున ప్రాణం నిలుపుకోవడానికి చెలమ నేర్చుకుందాము. పంపు కోసం అర్జీ రాయడం కూడా నేర్చుకుందాము. మన పెద్దలకు చెలమ వచ్చు, అర్జీ రాదు. మనకు అర్జీ వచ్చు, చెలమ మరిచిపోయాము. రెండూ తెలిసిన తరం మనది కావాలి.

గుర్తుంచుకోవలసినవి

1. నడిచే రోజుకు మనిషికి నాలుగైదు లీటర్లు. లీటరు నీరు కిలో బరువు. మధ్యలో ఎక్కడ నింపుకుంటారో బయలుదేరక ముందే అనుకోండి.
2. దిబ్బ వెనుక తవ్వండి. వెడల్పు చెయ్యండి, లోతు చెయ్యవద్దు.
3. మొదటి నీళ్ళు పారబొయ్యండి. పైపైన, ఆగి ఆగి తోడండి.
4. తేర్చండి, పాత చీర ఎనిమిది పొరల్లో వడకట్టండి, కాచండి.
5. ఉప్పు, పురుగుమందు దేనితోనూ పోవు. రొయ్యల చెరువు పక్క గుంట, డ్రైను నీరు ముట్టవద్దు.
6. సంచీలో పాత చీర ముక్క, చిన్న గిన్నె, అగ్గిపెట్టె, సబ్బు, క్లోరిన్ బిళ్ళలు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉండాలి. అన్నీ కలిపి అరకిలో ఉండవు.
7. ఆ ఊరి వాళ్ళను అడగండి. వెనుక వచ్చేవాడికి చెలమ కప్పి రండి.

తమ్ముళ్ళకు ప్రశ్నలు

దిబ్బ కింద మంచినీటి మట్టం సముద్ర మట్టానికి 15 సెంటీమీటర్లు పైకి ఉంటే కింద ఎన్ని మీటర్ల దాకా మంచినీరు ఉంటుంది? మీ ఊరి మంచినీళ్ళ చెరువుకు నీరు ఏ కాలువ నుంచి వస్తుంది? మీ నాయనమ్మ, అమ్మమ్మ చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు?

మొదటి ప్రశ్నకు జవాబు ఆరు మీటర్లు. మిగతా రెండింటికి జవాబులు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అడిగి తెలుసుకుని, వచ్చే సంవత్సరం సంచికకు రాసి పంపండి. అన్ని జవాబులూ ఒక చోట అచ్చయితే మన హాస్టల్ పిల్లల ఇళ్ళ నీళ్ళ చరిత్ర తయారవుతుంది. అది మన కోసం వేరెవరూ రాసిపెట్టరు.